మూడు సిలిండర్ల సంసారం

మారుతి 800 బానెట్ ఎత్తి, ఇంజన్ని ఐడ్లింగ్‌లో వదిలి చూడండి. సన్నగా వణుకుతూనే ఉంటుంది. సెకండ్‌హ్యాండ్‌లో కొత్తగా కొన్నవాళ్లు ఇదేదో జబ్బనుకుని ముందు ఇంజన్ మౌంటింగులు మార్పిస్తారు. మౌంటింగు రబ్బర్లు నిజంగానే పోయి ఉండొచ్చు గానీ, ఆ వణుకులో కొంత దానికి పుట్టుకతో వచ్చిందే. నాలుగు స్ట్రోకుల ఇంజన్‌లో క్రాంక్‌షాఫ్టు రెండు చుట్లు తిరిగితే ఒక్కో సిలిండరూ ఒకసారి మండుతుంది. రెండు చుట్లంటే 720 డిగ్రీలు. మూడు సిలిండర్లే ఉన్నాయి కాబట్టి 240 డిగ్రీలకోసారి దెబ్బ పడుతుంది. నాలుగున్న బండిలో 180కే పడుతుంది. పైగా మూడు పిస్టన్ల ఊపులూ మొత్తమ్మీద ఒకదాన్నొకటి కొట్టేసుకున్నా, అవి ఒక వరసలో దూరదూరంగా ఉండటంతో ఇంజన్ ఈ చివర పైకి లేస్తే ఆ చివర కిందికి దిగుతుంది. అందుకే ఆ ఊగులాట.

ఈ వణుకు లయ తప్పనంతసేపూ భయం లేదు. మూడు దెబ్బల్లో ఒకటి మానేస్తే మూడో వంతు బలం పోయినట్టే, అది సీటులో కూర్చున్నవాడికి నడుము దగ్గరే తెలుస్తుంది. స్కానర్లు లేని రోజుల్లో ఈ బండి తన జబ్బు తానే చెప్పుకునేది. ఇంట్లో పానాలు పట్టుకునేవాళ్లకి అది ఇంత ఇష్టం కావడానికి చవకదనం ఒక్కటే కారణం కాదని నా నమ్మకం. చెవికీ కంటికీ ముక్కుకీ అందే యంత్రం అది.

దీని పుట్టిల్లు జపాన్. ప్రభుత్వ సంస్థ మారుతి ఉద్యోగ్, సుజుకీ కంపెనీ 1982 అక్టోబరులో ఒప్పందం చేసుకున్నాయి. 1983 డిసెంబరు 14న ఇందిరా గాంధీ మొదటి కారు తాళాలు ఢిల్లీకి చెందిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఉద్యోగి హర్‌పాల్ సింగ్‌కి ఇచ్చారు. ధర 47,500 రూపాయలు. ఆయన తదనంతరం ఇంటి ముందు తుప్పు పట్టిన ఆ కారును కంపెనీయే బాగుచేయించి తన ప్రధాన కార్యాలయంలో పెట్టుకుంది.

అప్పట్లో జపాన్ చిన్నకార్ల చట్టం ఇంజన్ని 550 సీసీకి మించనిచ్చేది కాదు. పరాయి దేశాలకి పంపే బళ్లకి ఆ పట్టింపు లేదు కాబట్టి మనకి వచ్చింది 796 సీసీ ఇంజన్. సిలిండర్ వ్యాసం 68.5 మిల్లీమీటర్లు, పిస్టన్ నడక 72 మిల్లీమీటర్లు. కాగితం మీద మూడుతో హెచ్చవేసి చూసుకోండి, సరిపోతుంది. ఇంజన్ అడ్డంగా, ముందు చక్రాలకే నడక, బండి మొత్తం బరువు 650 కిలోల దగ్గర. 1950ల నాటి మోరిస్ ఒళ్లున్న అంబాసిడర్ పక్కన ఇది బొమ్మలా ఉండేది. 1986లో పై ఒళ్లు మారింది. ఇప్పటికీ రోడ్డు మీద మనం గుర్తుపట్టే 800 అదే. లోపలి ఇంజన్ మాత్రం మారలేదు.

మొదటి తరం 800ల్లో పెట్రోలు పంచిపెట్టేది కార్బురేటర్. అందులో మెదడు లేదు, ఉన్నదల్లా ఆకారమే. గాలి సన్నటి గొంతులోంచి దూరేటప్పుడు వేగం పెరుగుతుంది, పీడనం తగ్గుతుంది. 1738లో బెర్నూలీ పుస్తకంలో అచ్చయిన సూత్రమే. పక్కనున్న చిన్న గిన్నెలోని పెట్రోలు మీద మామూలు వాతావరణ పీడనం ఉంటుంది కాబట్టి, అది జెట్ అనే ఇత్తడి రంధ్రంలోంచి గొంతులోకి తోసుకొస్తుంది. గ్రాము పెట్రోలుకి 14.7 గ్రాముల గాలి కావాలి. ఆ లెక్క చూసుకునేది ఆ రంధ్రం వెడల్పే.

ఐడ్లింగ్‌లో ఈ ఏర్పాటు పనిచేయదు. యాక్సిలరేటర్ మీద కాలు లేనప్పుడు థ్రాటిల్ దాదాపు మూసుకుని ఉంటుంది, గొంతులో గాలికి వేగమే ఉండదు. అందుకని థ్రాటిల్ కిందికి వేరే సన్నటి దారి పెట్టారు. కాస్త చెత్త చేరిందంటే మొదట మూసుకుపోయేది అదే. బండి రోడ్డు మీద చక్కగా పోతుంది, సిగ్నల్ దగ్గర కాలు తీయగానే ఆగిపోతుంది. ఈ లక్షణం ఉంటే ప్లగ్గులు మార్చి డబ్బు తగలేయకుండా ముందు ఐడిల్ జెట్ విప్పి చూడండి. క్లీనర్ స్ప్రే కొట్టి గాలి పెట్టి ఊదితే చాలు. దయచేసి గుండుసూది పెట్టి పొడవకండి. ఇత్తడి మెత్తన, రంధ్రం వెంట్రుకవాసి పెరిగినా పెట్రోలు లెక్క జీవితాంతం తప్పుతుంది.

నిప్పు సంగతి ఇంకా ముచ్చటైంది. 12 వోల్టుల బ్యాటరీ నుంచి ప్లగ్గు దగ్గర వేల వోల్టులు రావాలి. డిస్ట్రిబ్యూటర్‌లో పాయింట్లు కలిసి ఉన్నంతసేపూ కాయిల్‌లో కరెంటు పారి అయస్కాంత క్షేత్రం కూడుతుంది. క్యామ్ వచ్చి పాయింట్లని విడదీయగానే ఆ క్షేత్రం ఒక్కసారిగా కూలుతుంది, రెండో చుట్టలో వోల్టేజి ఎగసిపడుతుంది. ఇంజన్ నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతుంటే ఇదంతా నిమిషానికి 4,500 సార్లు జరగాలి. పాయింట్ల మడమ క్యామ్‌తో రాసుకుని అరిగేకొద్దీ సందు తగ్గుతుంది, అవి ఆలస్యంగా విడివడతాయి, నిప్పు ఆలస్యంగా పడుతుంది. ఎవరూ ముట్టుకోకుండానే టైమింగ్ జారిపోతుందన్నమాట. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు పికప్ లేదని ఫిర్యాదు చేసేవాళ్లలో కొందరికి కావలసింది ఫీలర్ గేజీ, పది నిమిషాల ఓపిక. పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ కిట్ పెట్టించుకుంటే ఆ ఓపిక కూడా అక్కర్లేదు. పాత బండికి చేసే మార్పుల్లో ఖర్చుకి తగ్గ ఫలితం ఇచ్చేవి కొద్దే, వాటిలో ఇదొకటి.

1999లో ఢిల్లీ గాలి మీద సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశంతో యూరో ప్రమాణాలు ముంచుకొచ్చాయి. 2000లో సీసం కలిపిన పెట్రోలు దేశమంతటా ఆగిపోయింది, అప్పుడే 800కి ఎంపీఎఫ్‌ఐ, అంటే మల్టీ పాయింట్ ఫ్యూయల్ ఇంజెక్షన్, వచ్చింది. కార్బురేటర్ పోయింది, పెట్రోలు పంపు ట్యాంకులోకి వెళ్లింది, రంధ్రాలూ స్ప్రింగులూ చేసే లెక్కల్ని సెన్సర్ల మాట విని కంప్యూటర్ చేయడం మొదలుపెట్టింది. పొగగొట్టంలో ఉత్ప్రేరక పరికరం, దానికి ముందు ఆక్సిజన్ సెన్సర్. ఆ పరికరం సరిగా పనిచేయాలంటే మిశ్రమం 14.7 చుట్టుపక్కలే ఉండాలి.

ఇంటి మెకానిక్కు అలవాట్లు కొన్ని ఇక్కడే మార్చుకోవాలి. ఏ సిలిండర్ పనిచేయడం లేదో కనుక్కోవడానికి, ఇంజన్ నడుస్తుండగా ప్లగ్గు వైర్లు ఒక్కొక్కటే పీకి చూడటం పాత పద్ధతి. ఏది పీకితే తేడా తెలియదో దోషం అందులో ఉన్నట్టు. ఎంపీఎఫ్‌ఐ బండిలో అలా పీకితే కాలని పెట్రోలు నేరుగా పొగగొట్టంలోకి పోయి ఉత్ప్రేరకం మీద మండుతుంది, లోపలి తేనెపట్టు గూళ్లు కరిగిపోతాయి. రెండు వందల ప్లగ్గు కోసం వేల రూపాయల పరికరం పోతుంది.

థర్మోస్టాట్ కథ కూడా అలాంటిదే. మన ఎండలకి ఇదెందుకని పీకి పారేసే మెకానిక్కులు ఊరూరా ఉన్నారు. కార్బురేటర్ బండిలో దాంతో పెద్ద నష్టం వెంటనే కనబడదు. ఎంపీఎఫ్‌ఐలో నీటి వేడి చూసే సెన్సర్ ఉంటుంది. ఇంజన్ ఇంకా చల్లగానే ఉందని అది చెబుతుంటే కంప్యూటర్ నమ్మి, పెట్రోలు ఎక్కువ పోస్తూనే ఉంటుంది. హైవే మీద మైలేజీ ఎందుకు పడిపోయిందో అర్థంకాక ఓనరు పెట్రోలు బంకుని తిడతాడు. ఆ చిన్న కవాటం తిరిగి పెట్టించండి. కుళాయి నీళ్లు పోసే అలవాటు కూడా మానండి. మన బోరునీళ్లలోని సున్నం రేడియేటర్ గొట్టాల్లో పేరుకుంటుంది, కూలెంట్‌లో ఉండే తుప్పునిరోధకం లేక అల్యూమినియం హెడ్ తినుకుపోతుంది.

అప్‌గ్రేడ్ అనగానే అందరి కళ్లూ హెడ్‌లైట్ల మీద పడతాయి. వెలుగు చాలడం లేదని 60 వాట్ల బల్బు తీసి 100 వాట్లది పెడతారు. అసలు దొంగ బల్బు కాదు, తీగ. పాత పద్ధతి వైరింగులో హెడ్‌లైట్ల కరెంటు మొత్తం స్టీరింగ్ పక్కనున్న స్విచ్చులోంచి పోయి రావాలి. రెండు బల్బులకీ కలిపి 10 ఆంపియర్లు. ఇన్నేళ్లలో స్విచ్చులోనూ కనెక్టర్లలోనూ ఒక ఓమ్‌లో పదో వంతు నిరోధం చేరినా ఒక వోల్టు అక్కడే పోతుంది. ఫిలమెంటు వెలుగు వోల్టేజికి దాదాపు 3.4 ఘాతంలో మారుతుంది. అంటే వోల్టేజి పది శాతం తగ్గితే వెలుగు ముప్పై శాతం పోతుంది. 100 వాట్ల బల్బు పెడితే కరెంటు పెరిగి స్విచ్చు ఇంకా వేడెక్కుతుంది, చివరికి కరుగుతుంది. బ్యాటరీ నుంచి ఫ్యూజుతో లావు తీగ లాగి, లో బీముకొకటి, హై బీముకొకటి రెండు రిలేలు పెట్టండి. పాత స్విచ్చు రిలేని ఆడించే పిసరంత కరెంటు మోస్తే చాలు. అవే 60 వాట్ల బల్బులు కొత్తవాటిలా వెలుగుతాయి. ఆదివారం పూట తీరిగ్గా చేసుకోదగ్గ పని.

అదే ఉత్సాహంతో 12 అంగుళాల చక్రాలు తీసి 13 అంగుళాల అలాయ్‌లు వేసేవాళ్లతో మాత్రం నాకు పేచీ ఉంది. 145/70 ఆర్12 టైరు వ్యాసం 508 మిల్లీమీటర్లు. దాని బదులు 155/65 ఆర్13 వేస్తే 532. స్పీడోమీటర్ 60 చూపిస్తుంటే మీరు 63 దగ్గర పోతుంటారు, బలం ఎలాగూ అంతంతమాత్రమే ఉన్న ఇంజన్‌కి గేర్లు ఇంకాస్త బరువవుతాయి. అందం కావాలంటే వీల్ క్యాపులు ఉన్నాయి. డబ్బు మిగిలితే బ్రేక్ ఫ్లూయిడ్ మార్చండి. అది గాల్లోంచి తేమని పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు. తేమ చేరాక ఆ పరిమితి 140కి దిగొచ్చు. తిరుమల ఘాట్ దిగేటప్పుడు ఆ తేడా పెడల్ కింద తెలుస్తుంది.

ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్ ఈ బండికి లేవు, ఇంట్లో పెట్టుకునేవీ కావు. వీలైనంత కాపాడుకోగలిగింది దాని ఇనప ఒంటినే. దీనికి వేరే ఛాసిస్ లేదు, రేకే అస్థిపంజరం. కార్పెట్ ఎత్తి నేల రేకు చూడండి, జాకీ పెట్టే చోట స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. విశాఖ, కాకినాడ లాంటి ఉప్పుగాలి ఊళ్లలో తిరిగిన బండయితే మరీ ముఖ్యం. ఉప్పు కలిసిన తేమలో కరెంటు సులువుగా పారుతుంది, తుప్పు అనే రసాయన చర్య దానితో వేగం పుంజుకుంటుంది. స్క్రూడ్రైవర్ లోపలికి దిగిపోతే ఇంజన్ ఎంత బాగున్నా ఆ బండి కొనకండి.

భారత్ స్టేజ్ 4 ప్రమాణాలు రావడంతో 2010 ఏప్రిల్లో హైదరాబాదు సహా 13 నగరాల్లో దీని అమ్మకం ఆగింది. 2014 జనవరిలో తయారీయే ఆగిపోయింది. ఉన్న బళ్లకి ఇప్పుడొచ్చిన కొత్త పరీక్ష 20 శాతం ఇథనాల్ పెట్రోలు. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి గాలి తక్కువ కావాలి, గ్రాముకి 14.7 కాదు, 13.6 దగ్గర చాలు. ఎంపీఎఫ్‌ఐ కంప్యూటర్ ఆక్సిజన్ సెన్సర్ మాట విని కొంత సర్దుకుంటుంది. కార్బురేటర్ రంధ్రానికి ఆ తెలివి లేదు, మిశ్రమం పల్చబడి ఇంజన్ వేడెక్కుతుంది. అలాంటి బండికి ఒక సైజు పెద్ద జెట్ అవసరం కావచ్చు, ప్లగ్గు మరీ తెల్లగా కాలుతోందేమో చూసి తేల్చుకోవాలి. అంతకంటే ముందు పాత రబ్బరు పెట్రోలు పైపులు మార్చాలి. ఇథనాల్‌కి అవి ఉబ్బి, మెత్తబడి, చీలతాయి. పొద్దున్నే బానెట్ దగ్గర పెట్రోలు వాసన వస్తే సెల్ఫ్ కొట్టకండి.

ఇంజన్ సామాన్ల గురించి నాకు దిగుల్లేదు. ఇదే ఇంజన్ పెట్టుకున్న ఓమ్నీ 2019 దాకా తయారైంది. పాకిస్తాన్‌లో మెహ్రాన్ పేరుతో ఇదే బండి కూడా అప్పటిదాకా నడిచింది. విజయవాడ ఆటోనగర్‌లో అడిగితే పిస్టన్ రింగుల దగ్గర్నుంచి గ్యాస్కెట్ల దాకా దొరుకుతాయి. తలుపు బీడింగులు, అద్దాల రబ్బర్లు, డాష్‌బోర్డు ప్లాస్టిక్కులు మాత్రం ఓమ్నీవి దీనికి పట్టవు. మంచి స్థితిలో ఎక్కడ కనబడినా ఒక సెట్టు కొని, ఎండ తగలని చోట, పౌడరు చల్లి దాచిపెట్టుకోండి.