ఎస్‌ఎస్‌ఆర్: సర్కారు పనికి ధర ఎలా కడతారు?

ఊళ్లో సీసీ రోడ్డు పడినా, మండలంలో బడి భవనం లేచినా, ప్రాజెక్టు కాలువ తవ్వినా పక్కన ఒక బోర్డు ఉంటుంది. అందులో అంచనా విలువ ఇన్ని లక్షలు అని రాసి ఉంటుంది. ఆ అంకెను చూసి కొందరు ఇంత ఎక్కువా అంటారు, కొందరు ఇంతేనా అంటారు. అది ఎలా వచ్చిందో తెలిస్తే ఈ రెండు మాటల్లో ఏది నిజమో మనమే తేల్చుకోవచ్చు.

ఏ పని అంచనా అయినా (పనికి ముందు ఇంజినీర్లు కట్టే ఖర్చు లెక్క) రెండు అంకెల గుణకారమే. ఒకటి పరిమాణం, అంటే ఎన్ని ఘనపు మీటర్ల మట్టి, ఎంత కాంక్రీటు, ఎన్ని టన్నుల ఇనుము. రెండోది ఒక్కో యూనిట్ రేటు. పరిమాణం డిజైన్ నుంచి వస్తుంది. రేటును మాత్రం ఏఈ (అంచనా కట్టే అసిస్టెంట్ ఇంజినీర్) తన ఇష్టానికి వేయడానికి లేదు. ఎస్‌ఎస్‌ఆర్ (ప్రభుత్వం ఆమోదించిన ప్రామాణిక ధరల పట్టిక) ప్రకారమే వేయాలి. ఆంధ్రప్రదేశ్‌లో చీఫ్ ఇంజినీర్ల బోర్డు ఈ ధరలను ఖరారు చేస్తుంది. కేంద్ర ప్రజాపనుల శాఖ సీపీడబ్ల్యూడీకి ఢిల్లీ ధరల పట్టిక ఉంది. ఇతర నగరాల్లో పనిచేసేటప్పుడు ఆ రేట్లను వ్యయ సూచీతో (ఢిల్లీతో పోలిస్తే అక్కడి ఖర్చు ఎంత హెచ్చో తగ్గో చెప్పే అంకె) సవరిస్తారు.

ఎస్‌ఎస్‌ఆర్‌లో ప్రధానంగా నాలుగు రకాల ధరలుంటాయి: కూలీ, సామగ్రి, యంత్రాల అద్దె, రవాణా. వీటిని కలిపి ఒక పని రేటు తేల్చే లెక్కను ఇంజినీర్లు ‘డేటా’ (ఒక యూనిట్ పనికి ఏది ఎంత పడుతుందో చెప్పే పట్టిక) అంటారు.

ఒక ఉదాహరణ చూద్దాం. 100 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల మందం ఉన్న సీసీ రోడ్డు అనుకుందాం. కాంక్రీటు 45 ఘనపు మీటర్లు. సిమెంటు, ఇసుక, కంకర 1:1.5:3 పాళ్లలో కలిపితే ఒక ఘనపు మీటరుకు సుమారు 8 బస్తాల సిమెంటు, 0.42 ఘనపు మీటర్ల ఇసుక, 0.84 ఘనపు మీటర్ల కంకర పడతాయి. లెక్క అర్థం కావడానికి కొన్ని ధరలు మనమే పెట్టుకుందాం. బస్తా సిమెంటు 350 రూపాయలు. ఘనపు మీటరు ఇసుక 1,000, కంకర 1,200. అప్పుడు సామగ్రికి 4,228 రూపాయలు అవుతుంది. కూలీలు, మిక్సర్, వైబ్రేటర్, నీళ్లు పట్టడం వంటి వాటికి 1,572 అనుకుంటే మొత్తం 5,800. దీనిపై కాంట్రాక్టర్ లాభం, నిర్వహణ ఖర్చుల కింద 13.615 శాతం కలుపుతారు. తెలుగు రాష్ట్రాల అంచనాల్లో తరచూ కనిపించే అంకె ఇది. అది కలిస్తే రేటు సుమారు 6,590 అవుతుంది. 45తో గుణిస్తే 2,96,550 రూపాయలు.

లెక్క ఇక్కడితో ఆగదు. దీనిపై జీఎస్టీ 18 శాతం, అంటే మరో 53,379 రూపాయలు. 2022 జులై వరకు ఇలాంటి ప్రభుత్వ పనుల్లో చాలావాటికి జీఎస్టీ 12 శాతమే. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమానికి 1 శాతం సెస్సు ఉంటుంది. ఇసుక, కంకర, గ్రావెల్‌పై ప్రభుత్వానికి కట్టే సీనరేజీ (ఖనిజం తవ్వినందుకు చెల్లించే రుసుము) ఉంటుంది. రోడ్డు కింద మట్టి పనికి, గ్రావెల్ పొరకు వేరే లెక్క ఉంటుంది. కాబట్టి బోర్డు మీది అంకె మొత్తం కాంట్రాక్టర్ జేబులోకి వెళ్లదు.

ఎస్‌ఎస్‌ఆర్ ఒక్కటే అయినా పక్కపక్క మండలాల్లో ఒకే రకం రోడ్డుకు అంచనా వేరుగా రావచ్చు. ప్రధాన కారణం లీడ్ (సామగ్రి దొరికే చోటి నుంచి పని జరిగే చోటికి దూరం). కంకర క్వారీ 10 కిలోమీటర్లలో ఉంటే ఒక రేటు, 60 కిలోమీటర్లలో ఉంటే మరో రేటు. ఏ సామగ్రిని ఎక్కడి నుంచి తెస్తారో, ఎంత దూరమో చెప్పే లీడ్ స్టేట్‌మెంట్ ప్రతి అంచనాకూ జత చేస్తారు. పైన చెప్పిన రోడ్డుకు కంకర రవాణా ఘనపు మీటరుకు 400 రూపాయలు పెరిగిందనుకోండి. 13.615 శాతంతో కలిపి అంచనా 17 వేలకు పైగా పెరుగుతుంది. ఒక చిన్న రోడ్డుకే ఇంత తేడా వస్తే కిలోమీటర్ల కొద్దీ కట్టలు వేసే చోట అది ఎంత అవుతుందో ఊహించవచ్చు. దగ్గర్లో క్వారీ ఉన్నా దూరంలో ఉన్నదాన్ని చూపిస్తే రేట్లన్నీ పట్టిక ప్రకారమే ఉంటాయి, అంచనా మాత్రం పెరుగుతుంది. ఏజెన్సీ (గిరిజన) ప్రాంతాల్లో కూలీ రేటుపై అదనపు శాతం ఇస్తారు. అందుకే అక్కడ అంచనా న్యాయంగానే ఎక్కువ ఉంటుంది.

అంచనా పెరగడానికి మరో కారణం కాలం. ఏ ఏటి ఎస్‌ఎస్‌ఆర్‌తో లెక్క కట్టారో ఆ ఏటి ధరే ఉంటుంది. పోలవరం దీనికి పెద్ద ఉదాహరణ. 2005-06 ధరల్లో ఆ ప్రాజెక్టు వ్యయం 10,151 కోట్లు, 2010-11 ధరల్లో 16,010 కోట్లు. 2017-18 ధరల్లో కేంద్ర జలవనరుల శాఖ సాంకేతిక సలహా కమిటీ 55,548 కోట్లకు అంగీకరించింది. ఆ తర్వాత సవరించిన వ్యయాల కమిటీ దాన్ని 47,725 కోట్లుగా సిఫార్సు చేసింది. ఇది మొత్తం సిమెంటు, ఇనుము ధరల వల్ల పెరిగింది కాదు. 2013 భూసేకరణ చట్టం వచ్చాక భూమి పరిహారం, పునరావాసం ఖర్చు ఎన్నో రెట్లు పెరిగింది. ఆ ఖర్చుకు ఎస్‌ఎస్‌ఆర్‌తో సంబంధం లేదు. కాబట్టి ఏ ప్రాజెక్టు వ్యయం పెరిగిందని విన్నా రెండు ప్రశ్నలు వేసుకోవాలి. ఏ ఏటి ధరల్లో చెబుతున్నారు? అందులో నిర్మాణం ఎంత, భూమి ఎంత?

అంచనా అయ్యాక టెండర్ వస్తుంది. కాంట్రాక్టర్లు అంచనా విలువపై ఇంత శాతం ఎక్సెస్ అనో, లెస్ అనో కోట్ చేస్తారు. ఉమ్మడి రాష్ట్రంలో 2003 జులైలో నీటిపారుదల శాఖ ఇచ్చిన జీవో 94 ప్రకారం 5 శాతానికి మించిన ఎక్సెస్‌ను ఆమోదించకూడదు. లెస్ 25 శాతం దాటితే ఆ తేడాకు కాంట్రాక్టర్ అదనపు హామీ పెట్టాలి. పై పరిమితి అంచనా మీదే ఆధారపడి ఉంది కాబట్టి అంచనా సరిగ్గా లేకపోతే ఆ పరిమితికి అర్థం ఉండదు. ముందే పెంచిన అంచనాపై 10 శాతం లెస్ వచ్చినా అది ఆదా కాదు. పాత ధరలతో కట్టిన అంచనాకు ఎవరూ టెండర్ వేయకపోవచ్చు. వేసినా, ఆ నష్టాన్ని సిమెంటు తగ్గించి పూడ్చుకునే ప్రమాదం ఉంది.

ఇక బిల్లు చెల్లించేది ఎం-బుక్ (చేసిన పనిని కొలిచి రాసే పుస్తకం) ప్రకారం. అంచనాలో 15 సెంటీమీటర్లని ఉండి పని 12 సెంటీమీటర్లకే ఆగితే, రేటు ఎంత నిక్కచ్చిగా ఉన్నా 45 ఘనపు మీటర్ల పని 36కి పడిపోతుంది. బిల్లు మాత్రం 45కే పెడితే అయిదో వంతు డబ్బు వృథా. దీన్ని ధరల పట్టిక ఆపలేదు, కొలత ఒక్కటే ఆపగలదు.

ఈ కాగితాలేవీ రహస్యం కాదు. సమాచార హక్కు చట్టం 2005 కింద అంచనా, డేటా, లీడ్ స్టేట్‌మెంట్, ఎం-బుక్ నకళ్లు అడగవచ్చు. సాధారణంగా 30 రోజుల్లో జవాబివ్వాలి. పనిని స్వయంగా తనిఖీ చేసే హక్కు, సామగ్రి నమూనా తీసుకునే హక్కు కూడా అదే చట్టంలో ఉన్నాయి. దరఖాస్తు పెట్టేటప్పుడు ‘ఖర్చు వివరాలు ఇవ్వండి’ అని రాస్తే ఒక్క అంకెతో జవాబు వచ్చే అవకాశం ఉంది. ఈ నాలుగు కాగితాలనూ పేరు పెట్టి అడగండి.