గృహస్థుని క్షేమము – ఇంటి బీమా

బుడమేరును బెజవాడ దుఃఖదాయిని యని పిలుచుట పాత వాడుక. మైలవరము కొండలలో పుట్టి కొల్లేట గలియు నీ వాగు సంవత్సరములో చాలభాగము మురుగుకాలువవలె కనబడును. ఎవ్వరును దానిని లెక్కసేయరు. 2024 సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీ ఆదివారమునాడు అదియే వాగు గట్లు తెగి సింగునగరము మొదలగు పేటలను ముంచినది. కొన్ని వీధులలో నీరు దినములతరబడి నిలిచి యుండెను. నేలయంతస్తు మునిగిన యింటికి 25,000 రూపాయలును, పై యంతస్తులలోని వారికి 10,000 రూపాయలును సహాయముగా ఇచ్చునట్లు ప్రభుత్వమువారు ప్రకటించిరి. ఆ సహాయమును మేము తక్కువచేసి మాటాడము. ఆపదలో ప్రభుత్వము చేయదగిన దానిని చేసినది. కాని ఒక సామాన్య కుటుంబమున ఫ్రిజ్జు, టెలివిజను, బట్టలుతుకు యంత్రము, మంచములు, పరుపులు, బీరువా, ఏడాదికి నిలువచేసికొన్న బియ్యము, పిల్లల పుస్తకములు బురదలో కలిసినచో ఆ 25,000 రూపాయలు ఏమూలకు వచ్చును?

అదే వీధిలో అదే నీట మునిగిన మోటారుబండ్ల సంగతి వేరు. సమగ్రమైన బీమా గలవాడు కంపెనీ ముందు చేయిచాచి నిలువలేదు. పత్రము చూపి తనకు రావలసిన దానిని అడిగెను. వాకిట నిలిపిన బండికి హక్కు కలదు, ఇంటిలోని సర్వస్వమునకు లేదు. ఇట్టి వింత మన పట్టణములలోనే కాదు, పల్లెలలోని పెద్ద లోగిళ్లలోను కనబడుచున్నది.

దీనికి కారణము వెదుక నక్కరలేదు. 1988 సంవత్సరపు మోటారువాహనముల చట్టము బండికి కనీసపు బీమానైనను నిర్బంధము చేసినది గాని, ఇంటి విషయమున మనలను నిర్బంధించు చట్టము లేదు. పోలీసువానికి వెరచి చేసిన పనిని బుద్ధికి వెరచి చేయుట మనకింకను అలవడలేదు. ఏమయ్యా యని యడిగిన, ‘ఇల్లెక్కడికి పోవును?’ అందురు. నిజమే, ఇంటిక్రింది నేల ఎక్కడికిని పోదు. అందుచేతనే ఏ కంపెనీయు నేలకు బీమా చేయదు. పోవునది దానిమీది కట్టడము, అందలి సామాను. కోటి రూపాయల యిల్లని చెప్పుకొను దానిలో నేల విలువ యెంత, కట్టడపు విలువ యెంత యని విడదీసి చూచినవారు అరుదు. విడదీసి చూచినచో బీమా చేయవలసిన మొత్తము తాము భయపడినంత పెద్దది కాదని తెలియును. రుసుమును అట్టిదే. సామాన్యముగా లక్ష రూపాయల విలువకు ఏడాదికి నూరు రూపాయలు దాటుట అరుదు.

మరికొందరు దీనిని పాశ్చాత్యుల మోజుగా తలంచుచున్నారు. బీమా యను మాట పారసీకము. ‘బీమ్’ అనగా భయము. సంస్కృతములోని ‘భీ’ ధాతువునకు అది తోబుట్టువే. ఇక మన పెద్దలు కుశలమడుగునపుడు వాడు యోగక్షేమములను మాటను విచారింపుడు. లేనిదానిని సంపాదించుట యోగము, ఉన్నదానిని కాపాడుకొనుట క్షేమమని వ్యాఖ్యాతలు అర్థము చెప్పిరి. మనము యోగమునందు ఉత్సాహవంతులము, క్షేమమునందు దైవాధీనులము.

1909లో మైసూరునందు శామశాస్త్రిగారు అచ్చువేయించిన కౌటిల్యుని అర్థశాస్త్రమున నగరపాలకుని విధులను గూర్చిన అధ్యాయమొకటి కలదు. వేసవిలో పట్టపగటివేళ ఇండ్లలో నిప్పు రాజేయరాదని, వంట ఆరుబయట చేసికొనవలెనని, ప్రతి గృహస్థుడును అయిదు నీటికుండలు, తొట్టి, నిచ్చెన, గొడ్డలి, చేట, కొక్కెము, తోలుతిత్తి సిద్ధముగ నుంచుకొనవలెనని, లేనివానికి జరిమానా యని అందున్నది. అంటుకొన్న యింటిని ఆర్పుటకు పరుగెత్తిరాని గృహయజమానికి 12 పణములు, అద్దెకున్నవానికి 6 పణములు దండుగ. తన కొంపకు అంటుకొన్నది కాదని ఊరకుండుటకు వీలులేదన్నమాట. ఆ తొట్టియు నిచ్చెనయు నేడు అపార్టుమెంటులలో మెట్లప్రక్క గోడకు తగిలించిన ఎఱ్ఱని సిలిండరుగా మారినవి. దానిపై నున్న గడువు తేదీని చదివిన గృహస్థు ఏ యంతస్తున నున్నాడో మేమెరుగము.

ముందుజాగ్రత్త యేమి చేయగలదో, ఏమి చేయజాలదో మన కోస్తాతీరమే రెండుమారులు చూపినది. 1977 నవంబరు 19వ తేదీ రాత్రి దివిసీమపై ఉప్పెన విరుచుకుపడినపుడు ప్రభుత్వపు లెక్కల ప్రకారమే పదివేలమంది మడిసిరి. 1990 మే నెలలో అంతకు తీసిపోని తుపాను కృష్ణా, గోదావరి జిల్లాలను తాకినపుడు లక్షకు మించిన జనమును ముందుగా తరలించుటచేత మృతుల సంఖ్య వేయికి లోపుగనే నిలిచెను. ఆ పదుమూడేండ్లలో మనము హెచ్చరికను నమ్ముట నేర్చితిమి. అది సామాన్యమైన విజయము కాదు. అయితే ప్రాణములు దక్కినవి గాని లక్షలాది యిండ్లు దక్కలేదు. మనిషిని లేపి పునరావాసకేంద్రమునకు తీసికొనిపోవచ్చును, ఇంటిని తీసికొనిపోలేము. హెచ్చరిక చేయజాలని యా పనిని బీమా యొక్కటియే చేయవలసి యున్నది.

మచిలీపట్టణపు చరిత్రయు ఇచట స్మరింపదగినది. 1864 నవంబరులో వచ్చిన ఉప్పెనలో ఆ ప్రాంతమున సుమారు ముప్పదివేలమంది నశించిరి. అదే పట్టణమున డాక్టరు భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు 1923లో ఆంధ్రా బ్యాంకును, 1925లో ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీని స్థాపించిరి. ఒకదానికొకటి కార్యకారణసంబంధము కలదని మేము చెప్పబోము. స్వదేశపు సొమ్ము స్వదేశమున నిలువవలెనను పట్టుదలయే వారికి ప్రధానము. జీవితబీమా 1956లోను, సామాన్యబీమా 1973 ఆరంభమునుండియు జాతీయము చేయబడినవి. పిమ్మట ప్రైవేటు కంపెనీలును మరల వచ్చినవి. పదిమంది కొంచెము కొంచెము కూడవేసి, వారిలో ఆపదపడినవానిని నిలువబెట్టుటయే బీమా యను మూలసూత్రము మాత్రము మారలేదు.

ఇక నేటి యేర్పాటును చూతము. 2021 ఏప్రిల్ 1వ తేదీనుండి సామాన్యబీమా కంపెనీలన్నియు ‘భారత్ గృహరక్ష’ యను ఒకే నమూనా పాలసీని ఇండ్లకు ఇయ్యవలెనని బీమా నియంత్రణ సంస్థవారు శాసించిరి. అగ్నిప్రమాదము, పిడుగు, తుపాను, వరద, భూకంపము, కొండచరియలు విరిగిపడుట, అల్లరులు, నీటితొట్టి పగిలి కలుగు నష్టము ఇందు చేరియున్నవి. ఏడాది మొదలు పదియేండ్ల వరకు ఒకేసారి తీసికొనవచ్చును. కట్టడమునకు బీమాచేసినచో, ఆ మొత్తములో ఇరువది వంతుల మేరకు, పది లక్షలు మించకుండ, ఇంటిసామాను జాబితా యీయకయే రక్షణ పొందును. ఇల్లు నివాసయోగ్యము కాక వేరుచోట అద్దెకుండవలసి వచ్చినచో ఆ యద్దెకును వీలు కలదు. ఇది బుడమేటి బాధితులలో ఎందరికో అక్కరకు వచ్చెడిది.

పాతరకపు పాలసీలలో ఒక చిక్కు ఉండెడిది. నలుబది లక్షల కట్టడమును ఇరువది లక్షలకే బీమాచేసి, పది లక్షల నష్టము జరిగినచో, సగమే బీమాచేసితివి గనుక సగమే, అనగా అయిదు లక్షలే ఇత్తుమని కంపెనీవారు చెప్పుదురు. రుసుములో నాలుగు రూపాయలు మిగుల్చుకొనబోయి అయిదు లక్షలు పోగొట్టుకొన్నవారు కలరు. గృహరక్ష పాలసీలో ఈ కోత తీసివేయబడినది. అట్లని విలువ తగ్గించి వ్రాయించుట తెలివికాదు. వ్రాయించిన మొత్తమునకు మించి ఎవ్వరును ఇయ్యరు.

అయితే ఈ పాలసీలో గృహస్థులు తప్పక గుర్తింపవలసిన లోపమొకటి కలదు. దొంగతనము ఇందు సామాన్యముగ చేరదు. వరదయో అగ్నియో వచ్చిన పిమ్మట ఏడు దినములలోపల జరిగిన దొంగతనమునకు మాత్రమే రక్షణ. ఊరికి పోయినపుడు తాళము పగులగొట్టి దోచుకొనుటకు వేరు బీమా తీసికొనవలెను. పాలసీ చేతనుంచుకొని, దొంగలుపడిన మరునాడు దానిని మొదటిమారు చదువుకొనుట మనవారికి పరిపాటి.

బంగారము మాట వచ్చిన మన యిండ్లలో వేదాంతము మొదలగును. మూడుతరముల స్త్రీధనమును ఒక బీరువాలో, బీరువా తాళమును ఆ బీరువా పైననే పట్టుగుడ్డ క్రింద ఉంచు కుటుంబములు నేటికిని కలవు. నగలకు పైపాలసీలోనే కోరి అదనపు రక్షణ చేర్చుకొనవచ్చును. మొత్తము అయిదు లక్షలు మించక, ఏ యొక్క వస్తువును లక్ష దాటకున్నచో వెలకట్టువాని ధ్రువపత్రము అక్కరలేదు. దాటినచో పత్రము తెచ్చి, ముందుగా ఒప్పుకొన్న విలువను వ్రాయించుకొనవలెను. రొక్కము, నగచేయని బంగారపు కడ్డీలు, పొదగని రత్నములు, దస్తావేజులు ప్రత్యేకముగా వ్రాసికొననిదే చేరవు.

బ్యాంకి లాకరులో పెట్టితిమి గదా యని నిశ్చింతగా నుండువారితో ఒక మాట. లాకరులో ఏమున్నదో బ్యాంకి యెరుగదు, దానికి బీమాయు చేయదు. 2021 ఫిబ్రవరిలో సుప్రీముకోర్టు తీర్పు తరువాత రిజర్వు బ్యాంకివారు చేసిన నిబంధనలు 2022 జనవరి 1నుండి అమలులోనికి వచ్చినవి. అగ్ని, దొంగతనము, దోపిడి, కట్టడము కూలుట, ఉద్యోగుల మోసము, వీనివలన నష్టము కలిగినచో బ్యాంకి బాధ్యత లాకరు సాలీనా అద్దెకు నూరురెట్లు. అద్దె మూడువేలైనచో మూడు లక్షలు. వరద, భూకంపము, పిడుగు మొదలగు దైవికములకు, బ్యాంకి అశ్రద్ధ లేనిచో, అదియును లేదు. లాకరు వలదని మేమనము. ఇంటికంటె అది మేలే. కాని లాకరు బీమా కాదు.

ఇంటి అప్పు తీసికొన్నవారు మరియొక భ్రమలో నున్నారు. అప్పుతోపాటు బ్యాంకి యేదో బీమా చేయించినదని వారికి జ్ఞాపకము. పలుమారు అది ఋణగ్రహీత ప్రాణముపై చేసిన బీమా, ఇంటిపై కాదు. ఇంటిపైనే యైనను, అప్పు మిగిలిన మేరకే యుండవచ్చును. అప్పు తీరిననాడు దస్తావేజులు ఇంటికి వచ్చును, బీమా అంతటితో ముగియవచ్చును. ఆ పత్రమును బయటికితీసి ఎవరిపై, ఎంతకు, ఎన్నాళ్లవరకు అని మూడు సంగతులు చూచుకొనుట అర్ధగంట పని.

మన భూస్వాముల యిండ్లలో దీనికంటె కష్టమైన చిక్కున్నది. ఇల్లు తాతగారి పేరనుండును, పన్ను తండ్రిగారి పేర, కరెంటుబిల్లు పెద్దన్నగారి పేర, కాపురముండువాడు చిన్నవాడు. పంపకములు నోటిమాటగా జరిగి నలుబదియేండ్లైనది. నష్టము జరిగిననాడు ఈ యింటిలో నీ హక్కేమి యని కంపెనీ యడుగును; అడుగుటకు దానికి న్యాయము కలదు, ఏలయన హక్కులేని వస్తువుపై బీమా చెల్లదు. అన్నదమ్ములు సఖ్యముగ నున్నప్పుడే కాగితములు సరిచేసికొనుడు. పాలువచ్చిన పిమ్మట ఎవరి భాగమునకు వారు బీమా చేయించుకొనవచ్చును.

బీమా చేసితిమి గదా యని ఇంటిని గాలికి వదలరాదు. పాతకాలపు వైరింగుపై క్రొత్తగా రెండు ఏ.సి.లు వేసిన యిండ్లే వేసవిలో ఎక్కువగా అంటుకొనుచున్నవి. లైసెన్సుగల పనివానిచేత తీగలు, స్విచ్చిబోర్డులు చూపించుకొనవలెను. వంటగ్యాసు రబ్బరుగొట్టమునకు అయిదేండ్లే ఆయువు, తేదీ గొట్టముపైననే అచ్చువేసి యుండును. పల్లపు పేటలలోనివారు ఇన్వర్టరును, బీరువాను నేలపైగాక ఎత్తైన దిమ్మెపై నుంచవలెను. దూరప్రయాణమునకు పోవునపుడు పోలీసుస్టేషనులో తెలుపుట మంచిది. దానికంటె ఎదురింటి పెద్దమ్మగారికి తెలుపుట మరింత మంచిది.

దస్తావేజులను గూర్చి కంగారు పడనక్కరలేదు. రిజిస్టరైన పత్రములకు సబురిజిస్ట్రారు కార్యాలయమున సర్టిఫైడు నకళ్లు దొరకును. నంబరు, సంవత్సరము వ్రాసియుంచుకొనిన చాలును. ఏడాదికొకమారు, దసరాకు ఇల్లు దులుపునపుడు, ప్రతి గదిని, ప్రతి నగను ఫోనుతో ఫొటోలు తీసి, కొన్న రసీదులతో సహా వేరు ఊరిలోనున్న కుమారునికో కుమార్తెకో పంపి యుంచవలెను. ఇల్లు మునిగినపుడు ఫోనును మునుగును గదా! నష్టము తేల్చుటకు సర్వేయరు వచ్చిననాడు ఆ ఫొటోలే సాక్ష్యము. అతడు వచ్చువరకు పాడైన సామానును పారవేయక, బురదతోనే ఫొటో తీసి, దొంగతనమైనచో పోలీసు ఎఫ్.ఐ.ఆర్., అగ్నియైనచో అగ్నిమాపక శాఖవారి నివేదిక సంపాదించి, ఆలస్యముచేయక కంపెనీకి వ్రాతమూలముగ తెలుపవలెను.

కంపెనీ అన్యాయముగ నిరాకరించినచో, లేక నెలదినములలో బదులు చెప్పకున్నచో, బీమా అంబుడ్స్‌మను కలడు. ఆంధ్ర, తెలంగాణములకు ఆయన కార్యాలయము హైదరాబాదులోనే యున్నది. ముందుగా కంపెనీకి ఫిర్యాదు చేసియుండవలెను. నిరాకరణ వచ్చిన ఏడాదిలోపల అర్జీ పెట్టుకొనవలెను. రుసుము లేదు, వకీలును అక్కరలేదు.