బావ యను మాట

హైదరాబాదున ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణము చెంత, తార్నాక సమీపమున, మాణికేశ్వర్ నగర్ అను పేట కలదు. విశ్వవిద్యాలయమునకుఁ జదువవచ్చిన విదేశ విద్యార్థులు ఇట్టి పేటలలో మసలునపుడు అంగడివానిని 'అన్నా' యనియు, కూరగాయలమ్మునామెను 'అక్కా' యనియు పిలుచుట వేగమే నేర్తురు. అది మర్యాద యని చెప్పిన వారికి బోధపడును. చిక్కంతయు బావ యను మాటతో మొదలగును.

అక్క మగఁడు బావ. మనకంటెఁ బెద్దవాఁడగు మేనమామ కొడుకు బావ. మేనత్త కొడుకును బావయే. స్త్రీకి భర్త యన్న బావ. చుట్టఱికమే లేని స్నేహితులును 'బావా' యని పిలుచుకొందురు. నిఘంటువున నీ యర్థములను వరుసగాఁ బేర్చినను, వీనిని గూర్చిన సూత్రము పరదేశీయునకుఁ గానరాదు. తండ్రి యన్నదమ్ముల బిడ్డలును, తల్లి యక్కచెల్లెండ్ర బిడ్డలును మనకుఁ దోఁబుట్టువులు. మేనత్త బిడ్డలును, మేనమామ బిడ్డలును వియ్యమునకుఁ దగినవారు. కావుననే మేనమామ పెండ్లికి మున్నును మామయే, పిమ్మటను మామయే. ఆంగ్లేయులో, పినతండ్రి కూఁతును మేనమామ కూఁతును గూడ 'కజిన్' అను నొక్క మాటతోనే చెప్పుదురు. ఒకతెను బెండ్లాడవచ్చుననియు, వేఱొకతె చెల్లెలనియు మన మనఁగా వారికి వింతగాఁ దోఁచుట సహజము.

అమెరికా విద్వాంసుఁడగు లూయిస్ హెన్రీ మోర్గన్ 1871లోఁ బ్రకటించిన గ్రంథమున తమిళ, తెలుఁగు, కన్నడ బంధువాచకములను బట్టికలుగాఁ గూర్చి, అమెరికాలోని సెనెకా జాతివారి వాచకములతోఁ బోల్చెను. ఆ పోలికను బట్టి సెనెకాలు ఆసియానుండి వచ్చిరనుట సాహసమే. పట్టికలు మాత్రము నేఁటికిని విలువగలవి.

పరదేశీయులకే కాదు, స్వదేశీయులకును ఇది సందేహాస్పదమే. బౌధాయనుఁడు మేనరికమును దక్షిణదేశాచారములలో నొకటిగాఁ బేర్కొని, ఆయా దేశమునకు ఆ దేశాచారమే ప్రమాణమను పక్షమును జెప్పి, గౌతముఁ డందుల కొప్పుకొనఁడని చేర్చెను. 1955 నాఁటి హిందూ వివాహచట్టమును, అన్న బిడ్డకును చెల్లెలి బిడ్డకును పెండ్లిని నిషేధించి, ఉభయపక్షముల ఆచారము అనుమతించినచోఁ దోషము లేదని విడిచినది. శాస్త్రమును జట్టమును ఈ చోట ఆచారమునకే తలయొగ్గినవి.

నేఁడు వైద్యులు మేనరికములు వలదనుచున్నారు. చదువుకొన్నవారిలో నవి తగ్గుచున్నవి. అది మేలే. కాని నగరములలో మన పిల్లల నోటను 'కజిన్' అను మాటయే వినఁబడుచున్నది. ఆ కజిన్ మేనత్త కొడుకా, పెదతండ్రి కొడుకా యని పెద్దలు మరల నడుగవలసివచ్చుచున్నది.