కణానికి తన చోటు ఎలా తెలుస్తుంది?



తొమ్మిదో తరగతిలో టిష్యూస్ పాఠం చెబుతుంటే ఒక పాప లేచి అడిగింది: "మేడమ్, అన్ని కణాల్లో ఒకే డీఎన్ఏ ఉంటుంది కదా! మరి బొటనవేలు కావాలో, చిటికెనవేలు కావాలో కణానికి ఎవరు చెబుతారు?" బెల్ కొట్టే టైమ్. "అది పరీక్షలో రాదులేమ్మా" అనేశాను. ఇంటికెళ్లాక ఆ మాట నన్నే గుచ్చింది. మర్నాడు ఆ పాపకు చెప్పిన జవాబు ఇది.

మగ్గిన అరటిపండ్ల చుట్టూ ముసిరే చిన్న ఈగ పేరు డ్రోసోఫిలా. దాని లార్వా లోపల, రేపు రెక్క కాబోయే చిన్న కణాల సంచి ఉంటుంది. కొన్ని పదుల కణాలతో మొదలై వేల కణాలకు పెరుగుతుంది. దాని మధ్యలో ఒక సన్నని చారలోని కణాలు డీపీపీ అనే ప్రోటీన్‌ను వదులుతాయి. అది రెండు వైపులా వ్యాపిస్తుంది.

వంటింట్లో తాలింపు వేస్తే పక్కనున్నవారికి ఘాటుగా, వీధి గుమ్మంలో ఉన్నవారికి లీలగా తెలుస్తుంది కదా! ఇదీ అంతే. అందిన మోతాదును బట్టి కణం తన చోటు గుర్తిస్తుంది. ఎక్కువ అందితే కొన్ని జన్యువులు, తక్కువ అందితే వేరే జన్యువులు పని మొదలుపెడతాయి. ఇలాంటి ప్రోటీన్లే మార్ఫోజెన్లు.

ఇవి ఎలా ప్రయాణిస్తాయి? కణాల మధ్య సందుల్లోంచి మెల్లగా పాకుతాయని ఒక వివరణ. 1999లో రమిరెజ్-వెబర్, కార్న్‌బర్గ్ అనే శాస్త్రవేత్తలు మరొకటి చూపించారు. దూరంగా ఉన్న కణాలు ఆ చార వైపు దారప్పోగుల్లాంటి సన్నని చేతులు చాస్తున్నాయి! వాటికి సైటోనీమ్స్ అని పేరు పెట్టారు. దేని పాత్ర ఎంత అన్నది ఇప్పటికీ చర్చే.

ఇక పాప అడిగిన వేళ్ల సంగతి. ఈగ పిండాల మీద న్యూస్‌లైన్-ఫోల్‌హార్డ్, వీషాస్ చేసిన పరిశోధన 1980లో వెలువడింది. అందులో హెడ్జ్‌హాగ్ అనే జన్యువు ఉంది. ఆ కృషికి 1995లో, ఎడ్వర్డ్ లూయిస్‌తో కలిపి, నోబెల్ బహుమతి వచ్చింది. మనలో దాని బంధువు సోనిక్ హెడ్జ్‌హాగ్. తల్లి కడుపులో చెయ్యి ఏర్పడేటప్పుడు అది చిటికెనవేలి వైపు నుంచే వెలువడుతుంది. అదే సంకేతం పెద్దయ్యాక అదుపు తప్పితే ఒక రకం చర్మ క్యాన్సర్ వస్తుంది. దాన్ని ఆపే విస్మోడెగిబ్ మందుకు 2012లో అమెరికాలో అనుమతి లభించింది. ఈగతో మొదలైన ప్రశ్న రోగి మంచం దాకా వెళ్లింది.

అందుకే ఒక చిన్న మనవి. మీ పిల్లలు ఇలాంటిదేదైనా అడిగితే "సిలబస్‌లో ఉందా?" అనకండి. "నాకూ తెలీదు, కలిసి చూద్దాం" అనండి. నేనూ ఇప్పుడు అదే అంటున్నాను.

మీ సైన్స్ టీచర్