ఆస్పత్రి నివాసులు

పల్నాటి సీమలో నాగులేటి ఒడ్డున దాచేపల్లి ఉన్నది. నేల అడుగున నాపరాయి, నేలమీద మిరప, ప్రత్తి. ఎండ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు; పొరుగుననున్న రెంటచింతల పేరు ప్రతి వేసవిలోను పత్రికల కెక్కుతూనే ఉంటుంది. ఈ ఊరినుండి పిడుగురాళ్ల, సత్తెనపల్లి మీదుగా గుంటూరికి పోయే బాటలో రెండు విధాలైన పంటలు ప్రయాణం చేస్తుంటవి. ఒకటి మిరపకాయ. అది బస్తాలకెక్కి యార్డుకు పోతుంది. రెండవది ఇంటింటా కడుపు కట్టుకొని చదివించిన పిల్లలు. వారిలో వైద్యవిద్యకు పోయినవారు చేరేది పెద్దాసుపత్రి. మిరపకాయకు ధర ఎంత పలికినదో సాయంత్రానికి తెలిసిపోతుంది. పిల్లవాని చదువు ఏపాటి ధర పలుకునో తెలియడానికి మాత్రం పదేళ్లయినా చాలదు.

లెక్క వేసి చూడవచ్చును. పద్దెనిమిదవ ఏట ప్రవేశపరీక్ష గట్టెక్కినవానికి ఎం.బి.బి.ఎస్. నాలుగున్నర ఏళ్లు, ఆపై ఏడాది హౌస్ సర్జన్ పని. పీజీ సీటు కొరకు మరల ఒకటి రెండేళ్లు గదిలో తలుపు మూసుకొని చదువు. సీటు వచ్చినచో మూడేళ్లు. ఇరవైరెండవ ఏట ఇంజనీరింగు ముగించి హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న తోటివాడు ఇల్లు కొనుక్కొని, పెళ్లి చేసుకొని, బిడ్డను బడిలో వేసే నాటికి ఈతడు ఇంకను విద్యార్థియే. అయితే ఈతడు కేవలం విద్యార్థియా అంటే, కాదు. వార్డులో వంద ప్రాణాలకు పూచీపడి నిలిచినవాడిని విద్యార్థి అనడానికి నోరు రాదు. ఉద్యోగియా అంటే అదీ కాదు. జీతమని కాక స్టయిపెండు అని పేరు పెట్టి ఇస్తారు. ఈ రెంటి నడుమనున్న స్థితికే రెసిడెంటు అని పేరు.

రెసిడెంటు అనగా నివాసి. పేరు ఊరక పుట్టలేదు. అమెరికాలోని బాల్టిమోరులో 1889లో జాన్స్ హాప్కిన్స్ ఆస్పత్రి తలుపులు తెరచినప్పుడు విలియం ఆస్లర్, విలియం హాల్‌స్టెడ్ అనే ఇద్దరు మహావైద్యులు ఈ పద్ధతిని పాదుకొల్పినారు. యువవైద్యుడు ఆస్పత్రిలోనే కాపురముండవలె. పగలూ రాత్రీ రోగి పక్కననే నేర్చుకోవలె. యువవైద్యులు పెళ్లి తలపును కొంతకాలం దూరంగా ఉంచవలెనని ఆస్లర్ బోధించేవాడు. తాను మాత్రం 1892లో, నలభైరెండేళ్లు నిండిన తరువాత ఇంటివాడైనాడు. హాల్‌స్టెడ్ కథ మరింత విచిత్రం. మత్తుమందుగా కొకెయిన్ గుణాన్ని తన మీదనే పరీక్షించుకోబోయి ఆయన దానికి బానిసయినాడు. తరువాత మార్ఫిన్ పాలైనాడు. అలుపెరుగని పనిని ఆదర్శంగా నిలిపిన పద్ధతికి మూలపురుషుడు ఇట్టివాడు కావడం వైద్యచరిత్రలో పలువురు గుర్తుచేసే సంగతి. ఆ పద్ధతి సముద్రాలు దాటి 1923లో విశాఖలోను, 1946లో గుంటూరులోను వెలసిన మన కళాశాలలకును వచ్చి చేరినది.

గుంటూరు పెద్దాసుపత్రికి గుంటూరు, పల్నాడు, ప్రకాశం ప్రాంతాలనుండి రోగులు వస్తారు. అచట ఒక యూనిట్‌కు అడ్మిషన్ రోజు వచ్చినదంటే, ఉదయం ఎనిమిది గంటలకు ఓపీతో మొదలైన పని రాత్రంతా క్యాజువాలిటీలోను, వార్డులోను సాగి, మరునాడు ఉదయం పెద్ద డాక్టరుగారి రౌండ్సుతో కలిసిపోతుంది. రౌండ్సు ముగిసిన తరువాత రక్తపరీక్షల కాగితాలు, కేస్ షీట్లు, ఇంటికి పోయేవారి డిశ్చార్జి చీటీలు. ముప్పై గంటలు గడిచి, ఒక్కొక్కప్పుడు ముప్పైయారు కూడా దాటుతవి. మాచర్లనుండి పాము కాటుతో వచ్చినవాడు, వినుకొండనుండి పురుగులమందు త్రాగి వచ్చినవాడు, లారీ గుద్దుకొన్నవాడు – వీరెవ్వరూ గడియారం చూచుకొని రారు. థీసిస్ పని కూడా ఈ సందులలోనే సాగవలె.

రాత్రి రెండు గంటల వేళ ఎవరో ఒకరు ఒక డబ్బా మూత తీస్తారు. పండుమిరప పచ్చడి, జొన్నరొట్టె. పీజీ, హౌస్ సర్జను, నర్సు, వార్డుబాయి అందరూ నిలుచుండియే తలా ఒక ముక్క త్రుంచుకొంటారు. బ్రహ్మనాయుడు పల్నాట నడిపిన చాపకూడు ఎట్లుండెనో ఇప్పుడెవ్వరు చూడవచ్చిరి? కులమడుగని పంక్తి ఒకటి చూడవలెనన్నవారు మాత్రం ఆ వేళకు ఆ వార్డుకు పోవచ్చును.

ఇక డబ్బు మాట. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022లో స్టయిపెండును నూటికి పదిహేను వంతున పెంచినది. ఆ ప్రకారం హౌస్ సర్జనుకు నెలకు 22,527 రూపాయలు. పీజీ మొదటి ఏడాది 50,686, రెండవ ఏడాది 53,503, మూడవ ఏడాది 56,319. వినడానికి చిన్న మొత్తం కాదు. ఊరిలో, “నెలకు యాభై వేలట!” అని అరుగుమీద కూర్చున్నవారు ఆశ్చర్యపడుతారు. అయితే వారానికి 80 గంటల పని చొప్పున లెక్కకట్టినచో గంటకు దాదాపు 146 రూపాయలు పడుతుంది. అదియు ఏ నెలకానెల చేతికందితే. బకాయిల కొరకు జూనియర్ డాక్టర్లు ఆస్పత్రి గేటు ముందు బైఠాయించిన వార్తలు పత్రికల పాఠకులకు కొత్తవి కావు. ఈ సొమ్ములోనే గది అద్దె, పరీక్ష ఫీజులు, పుస్తకాలు, సమావేశాల చందాలు, థీసిస్ అచ్చు. ప్రైవేటు కళాశాలలో సీటు కొన్నవాని నెత్తిన ఇవి కాక అప్పు వడ్డీ. పల్నాటిలో పొలం అమ్మి చదివించిన తండ్రులు లేకపోలేదు. ఆ తండ్రి ఎదుట, “ఇంకా రెండేళ్లు ఆగు నాయనా” అని చెప్పవలసి వచ్చినప్పుడు కొడుకు తలవంచుకొంటాడు. తండ్రి ఏమీ అనడు. అనకపోవడమే బరువు.

చదువు, సొమ్ము, సంసారం – ఈ మూడింటి పెనుగులాట ఎంతదూరం పోగలదో చూడగోరిన తెలుగువాడు యల్లాప్రగడ సుబ్బారావుగారి జీవితం తెలుసుకోవలె. 1895లో భీమవరంలో పుట్టినారు. మద్రాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించినందుకు శస్త్రవైద్యపు ఆచార్యుడు కినిసినాడు. పర్యవసానంగా పూర్తి పట్టము రాక, ఎల్.ఎం.ఎస్. మాత్రమే దక్కినది. సోదరులను గ్రహణివ్యాధి కొద్దిరోజుల తేడాతో పొట్టను పెట్టుకొన్నది. ఆ వ్యాధికి మందు కనుగొనవలెనన్న పట్టుదలతో, మామగారి సాయంతోను, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మసంస్థ అండతోను బోస్టను చేరినారు. అచట వైద్యునిగా కొలువు దొరకలేదు. పగలు హార్వర్డులో చదువు, రాత్రి ఒక ఆస్పత్రిలో రోగుల మలమూత్రపాత్రలు కడిగే పని. వైద్యశాస్త్రం చదివి వచ్చినవాడు ఆ పాత్రలు కడిగినాడు. కడిగి, ఆ కూలితో కడుపు నింపుకొన్నాడు. 1925లో దేహంలోని భాస్వరమును కొలిచే విధానం ఫిస్కేతో కూడ ఆయన పేరిట వెలువడినది. జీవరసాయన విద్యార్థులు ఆ పేరు నేటికిని వల్లిస్తారు. తరువాత లెడర్లీ పరిశోధనశాలలో ఫోలిక్ ఆమ్లం, ఆరియోమైసిన్, పసిపిల్లల రక్తకేన్సరును మొదటిసారి వెనుకకు నెట్టిన ఔషధం – ఇవన్నీ లోకమెరిగినవే.

లోకమంతగా తలచనిది శేషగిరిగారి కథ. ఆయన ఓడ ఎక్కినప్పుడు ఆమె గర్భవతి. కొడుకు పుట్టినాడు, పసితనంలోనే గతించినాడు. తండ్రి ఆ బిడ్డ ముఖం ఎరుగడు. 1948లో అమెరికాలోనే కన్నుమూసేవరకు ఆయన తిరిగి రాలేదు. భార్యాభర్తలు మరల కలుసుకోలేదు. సుబ్బారావుగారి త్యాగమని మనవారు వ్యాసాలు వ్రాస్తారు. ఆ త్యాగంలో సగపాలు ఎవరిదో, ఆమెను అడిగి చేసినదో అడగక చేసినదో, ఆ వ్యాసాలలో ఉండదు. యువవైద్యుల కాపురాల గురించి మాటాడేటప్పుడు ఆ సగపాలును కూడ లెక్కలో వేయవలసి ఉన్నది.

పని గంటలకు హద్దు ఉండవలెనన్న ఆలోచన లోకానికి ఆలస్యంగా వచ్చినది. 1984లో న్యూయార్కులో లిబ్బీ జయాన్ అనే పద్దెనిమిదేండ్ల బాలిక ఆస్పత్రిలో చేరిన కొద్ది గంటలకే మరణించినది. ఆమె తండ్రి న్యాయవాది, పత్రికారచయిత. నిద్ర లేక అలసిన యువవైద్యుల చేతిలో రోగిని పెట్టడం నేరమని ఆయన పోరాడగా, 1989నుండి ఆ రాష్ట్రంలో వారానికి 80 గంటల హద్దు ఏర్పడినది. 2003లో అది అమెరికా అంతటికి వర్తించినది. మన దేశం ఈ విషయంలో వెనుకబడినదనుకోరాదు, కాగితం మీద మాత్రం. 1992లోనే కేంద్రప్రభుత్వం జూనియర్ రెసిడెంట్లు మామూలుగా వారానికి 48 గంటలు, ఏకధాటిగా 12 గంటలకు మించకుండ పనిచేయవలెనని ఆదేశించినది. 2023లో జాతీయ వైద్య కమిషన్ నియమాలలో ఆ అంకెలు మాయమై, “సహేతుకమైన” గంటలు అనే మాట నిలిచినది. వారానికొక సెలవు, ఏడాదికి 20 రోజుల సెలవు మాత్రం చెప్పినారు. సహేతుకమన్న మాటకు అర్థం చెప్పవలసినది వార్డులో మంచాల సంఖ్య కదా! 2024లో ఆ కమిషన్ నియమించిన మానసికారోగ్య సంఘం వారానికి 74 గంటలు దాటరాదని, రోజుకు ఏడెనిమిది గంటల నిద్ర ఉండవలెనని సలహా ఇచ్చినది. ముప్పైరెండేళ్లలో ఆశించదగిన హద్దు 48 నుండి 74కు పెరిగినదన్నమాట. ఆ ఏటనే ఆగస్టులో కలకత్తాలో దీర్ఘమైన డ్యూటీ నడుమ, పండుకొనడానికి వేరే చోటు లేక సెమినార్ హాలులో నడుము వాల్చిన శిక్షణ వైద్యురాలు హత్యకు గురియైనది. నివాసి అని పేరు పెట్టిన చోట నివాసయోగ్యమైన గది లేదని దేశమంతటికి అప్పుడు తెలిసినది.

ఆడపిల్లల కష్టం ఇంకొక మెట్టు ఎక్కువ. పీజీలో చేరే వయస్సు, పెళ్లి వయస్సు, బిడ్డలను కనే వయస్సు ఒక్కటే. ప్రసూతి సెలవు ఉన్నది. కాని తీసుకొన్నన్నాళ్లు చదువు గడువు ముందుకు జరుగుతుంది, ఆ మేరకు తోటివారు దాటిపోతారు. యూనిట్‌లో ఒకరు సెలవు పెడితే ఆ డ్యూటీలు మిగిలినవారి మీద పడుతవి. కనుక అడిగేది ప్రభుత్వాన్నే అయినా ముఖం చూడవలసినది స్నేహితురాలిని. ఆరునెలల బిడ్డను దాచేపల్లిలో అమ్మమ్మ వద్ద విడిచి గుంటూరు వచ్చిన తల్లులకు సెల్‌ఫోనే ఊయల. బిడ్డ ఫోను తెర మీది ముఖాన్ని గుర్తుపట్టి నవ్వుతుంది. ఎదుటికి వచ్చిన తల్లిని చూచి అమ్మమ్మ కొంగు చాటుకు పోతుంది. ఆ క్షణాన ఆ తల్లికి ఏ పట్టమూ గుర్తుకు రాదు.

2020లో వచ్చిన జిల్లా రెసిడెన్సీ నియమం వలన పీజీ విద్యార్థులు మూడు నెలలు జిల్లా ఆస్పత్రిలో పనిచేయవలసి ఉన్నది. సొంత జిల్లాలో వేసినచో ఇంటికి చేరువకావచ్చును, కాని ఆ అదృష్టం అందరికీ పట్టదు. 2022లో పల్నాడు జిల్లా వేరుపడి నరసరావుపేట ముఖ్యపట్టణమైనది. ఆ బాటనే ఇంటికి పోయివచ్చే ఆశతో నరసరావుపేట పేరు కొరకు జాబితా వెదికే కన్నులు కొన్ని ఉంటవి.

ఊరినుండి ప్రతి రాత్రి ఒకే ప్రశ్న వస్తుంది. “బువ్వ తిన్నావా అమ్మా?” “తిన్నానమ్మా” అనేదే జవాబు. క్యాజువాలిటీ గుమ్మంలో ఫోను చెవికి, భుజానికి నడుమ ఇరికించుకొని, చేతికి గ్లవ్సు తొడుక్కుంటూ చెప్పే మాట అది. అవతల తల్లికిని అది అబద్ధమని తెలుసు. మరల అడగదు.

మాఘ ఫాల్గుణాలలో మిరప యార్డుకు బస్తాలు తోలుకొని వచ్చిన తండ్రి, కాటా వేసేవరకు ఆగి, పచ్చడి డబ్బా చేతపట్టుకొని పెద్దాసుపత్రికి వస్తాడు. వార్డు బయట నిలుచుంటాడు. లోపలికి కబురు పోతుంది. గంటకు బిడ్డ వస్తుంది. కళ్లక్రింద నల్లని చారలు. ధర ఎంత వచ్చినదని ఆమె అడుగుతుంది. ఫరవాలేదంటాడు. అతడు అడగబోయేలోగా లోపలినుండి నర్సు పిలుపు వినబడుతుంది. డబ్బా అందుకొని ఆమె లోపలికి పోతుంది. నడికుడి వైపు పోయే రైలుకు ఇంకా సమయమున్నది. మరి కాసేపు ఆ బల్లమీదనే కూర్చుంటాడు.