రస్ట్‌లో సీఎఫ్‌జీ: మాక్రోనా, ఆట్రిబ్యూటా?

కొత్తపట్నం నుంచి మాట్లాడుతున్నా. లైనక్స్‌లో చక్కగా నడిచిన నా రస్ట్ కోడ్ విండోస్‌లో కంపైలే కాలేదు. లైనక్స్‌లో మాత్రమే ఉండే ఈపోల్ ఫంక్షన్‌ని 'ఇఫ్ సీఎఫ్‌జీ!' లోపలే పెట్టాను కదా, మరెందుకు?

ఎందుకంటే ఆ మాక్రో ఇచ్చేది ట్రూ లేదా ఫాల్స్, అంతే. కోడ్‌ని తీసెయ్యదు. రెండు వైపులా ఉన్న కోడ్‌ని కంపైలర్ చెక్ చేస్తుంది. అదే ఫంక్షన్ పైన హాష్ గుర్తు పెట్టి, స్క్వేర్ బ్రాకెట్లలో సీఎఫ్‌జీ రాస్తే, కండిషన్ కుదరనప్పుడు ఆ ఫంక్షన్‌నే తీసేస్తుంది.

మన మిర్చి కల్లంలో తాలు కాయలు ఏరేస్తే బస్తాలోకే రావు. అది ఆట్రిబ్యూట్. బస్తాలోనే ఉంచి 'ఇవి వాడొద్దు' అని చీటీ పెడితే? యార్డులో బస్తా మొత్తం చూస్తారు. అది మాక్రో.

గుర్తుపెట్టుకోండి: అవతలి సిస్టమ్‌లో అసలు లేనిదాన్ని పిలుస్తుంటే ఆట్రిబ్యూట్. రెండుచోట్లా కంపైల్ అయ్యేదైతే మాక్రో చాలు.