పాఠ్యభాగం 9: ప్రాంతీయ ఉద్యమాలు, ఉమ్మడి ఖజానా – హైదరాబాద్ రాబడి వివాదం

9.0 లక్ష్యాలు

ఈ పాఠ్యభాగం చదివిన తరవాత మీరు:
• తెలంగాణ మిగులు నిధుల వివాదం 1956 నుంచి ఎలా నడిచిందో వివరించగలుగుతారు.
• పన్ను వసూలైన చోటుకూ, పన్ను భారం పడిన చోటుకూ ఉన్న తేడాను గుర్తించగలుగుతారు.
• విడిపోతామనే ప్రాంతం పట్ల మిగిలిన ప్రాంతాల వైఖరిని తెలంగాణ, స్కాట్లండ్ ఉదాహరణలతో పోల్చి చర్చించగలుగుతారు.

9.1 ప్రవేశిక

మీలో కొందరు మాదాపూర్‌లోనో గచ్చిబౌలిలోనో ఉద్యోగం చేసుకుంటూ ఈ కోర్సు చదువుతూ ఉండవచ్చు. "మా సొమ్ముతో వాళ్లు బతుకుతున్నారు", "ఈ నగరాన్ని కట్టింది మేమే" అనే మాటలు ఏదో ఒక పక్షం నుంచి మీరు వినే ఉంటారు. ఇటువంటి మాటలు ఇంగ్లండ్, స్కాట్లండ్ ప్రజల మధ్య కూడా నడుస్తుంటాయి. వీటిలో ఒక లెక్క, ఒక మనోభావం పెనవేసుకుని ఉంటాయి. లెక్కను లెక్కగా, మనోభావాన్ని మనోభావంగా విడదీసి చూడటం నేర్చుకోవడమే ఈ పాఠం ఉద్దేశం.

9.2 మిగులు నిధుల వివాదం

ఈ వివాదం ఐటీ రంగంతో మొదలుకాలేదు. ఫజల్ అలీ కమిషన్ 1955లో ఇచ్చిన నివేదికలోనే దీని మూలాలు కనిపిస్తాయి. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన నాటి నుంచి ఆర్థిక ఇబ్బందుల్లో ఉందనీ, తెలంగాణకు అటువంటి ఇబ్బంది తక్కువనీ కమిషన్ పేర్కొన్నది. తెలంగాణలో భూమిశిస్తు రేట్లు ఎక్కువ. ఆబ్కారీ మీద ఏటా దాదాపు 5 కోట్ల రూపాయల ఆదాయం ఉండేది. విలీనమైతే ఈ స్థిరమైన రాబడి చేజారుతుందన్నది తెలంగాణ నాయకుల భయం.

ఆ భయం తీర్చడానికే 1956 ఫిబ్రవరి 20న పెద్దమనుషుల ఒప్పందం కుదిరింది. పరిపాలనా వ్యయాన్ని రెండు ప్రాంతాలు దామాషా ప్రకారం భరించాలి. తెలంగాణ ఆదాయంలో మిగిలినదాన్ని తెలంగాణ అభివృద్ధికే ఖర్చు చేయాలి. 1969 ఉద్యమ సమయంలో ఈ మిగులును లెక్కగట్టే పని కుమార్ లలిత్ కమిటీకి అప్పగించారు. కమిటీ తేల్చిన మొత్తం సుమారు 34 కోట్లు. తరవాత జస్టిస్ భార్గవ కమిటీ దాన్ని సుమారు 28 కోట్లుగా నిర్ణయించింది. ఒకే రాష్ట్రం, అవే పద్దులు. అయినా రెండు అంకెలు వచ్చాయి. ఏ ఖర్చును ఎవరి ఖాతాలో వేయాలి అనేది గణితం ఒక్కటే తేల్చే విషయం కాదని దీన్నిబట్టి మీరు గ్రహించాలి.

ఇక్కడ మరో సంగతి గమనించండి. 1972 అక్టోబరులో సుప్రీంకోర్టు ముల్కీ నిబంధనలు చెల్లుతాయని తీర్పు చెప్పాక, ప్రత్యేక రాష్ట్రం కోరుతూ ఉద్యమించింది కోస్తా, రాయలసీమ ప్రాంతాలే. అదే జై ఆంధ్ర ఉద్యమం. నాలుగు దశాబ్దాల తరవాత అవే ప్రాంతాలు సమైక్యాంధ్ర నినాదం చేపట్టాయి. అంటే ఐక్యత, విభజన అనేవి ఏ ప్రాంతానికీ శాశ్వత సిద్ధాంతాలు కావు.

9.3 హైదరాబాద్ రాబడి ఎవరిది?

1998 నవంబరులో ప్రధాని వాజ్‌పేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. తరవాతి పదేళ్లలో ఐటీ కారిడార్ విస్తరించింది. ప్రత్యేక రాష్ట్ర చర్చలో హైదరాబాదే అసలు చిక్కుముడిగా మారింది. సీమాంధ్ర వాదన: రాజధాని కాబట్టే పెట్టుబడులన్నీ ఇక్కడికి చేరాయి, అందులో మా శ్రమ, మా సొమ్ము ఉన్నాయి. తెలంగాణ వాదన: 1956కు ముందే ఇది పెద్ద నగరం, భూములు, నీళ్లు ఇక్కడివి, ఉద్యోగాల్లో మాత్రం మాకు వాటా దక్కలేదు.

రెండు వాదనల్లోనూ కొంత నిజం ఉంది. అయితే పన్నుల విషయంలో ఒక మెలిక ఉంది. 2012లో విజయనగరంలో ఒక కుటుంబం టీవీ కొన్నదనుకోండి. అమ్మిన కంపెనీ వ్యాట్ రిజిస్ట్రేషన్ హైదరాబాద్‌లో ఉంటే, ఆ పన్ను హైదరాబాద్ వసూళ్లలో చేరుతుంది. భారం మోసింది మాత్రం విజయనగరం కుటుంబం. కాబట్టి హైదరాబాద్‌లో వసూలైనదంతా హైదరాబాద్ ప్రజలు కట్టినది కాదు.

రెండో మెలిక: ఐటీ ఎగుమతుల మొత్తాన్ని చూసి రాష్ట్ర ఖజానాకు అంతా వస్తుందనుకోకూడదు. ఆదాయపు పన్ను కేంద్రానికి వెళ్తుంది. ఎగుమతులపై జీఎస్టీ భారం ఉండదు. వృత్తి పన్నుకు రాజ్యాంగమే ఏడాదికి 2,500 రూపాయల పరిమితి పెట్టింది. ఐటీ వల్ల రాష్ట్రానికి వచ్చే లాభం ఎక్కువగా పరోక్షమైనది: ఇళ్లు, స్థలాల రిజిస్ట్రేషన్లు, పెట్రోలు, మద్యం, ఉద్యోగుల రోజువారీ కొనుగోళ్లు.

విభజన చట్టంలోనూ ఈ మెలిక బయటపడింది. పన్ను బకాయిలు, మదింపు జరిగిన చోటు ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్రానికి చెందుతాయి. కానీ ఆస్తి పన్నులు కాకుండా ఇతర పన్నులు అదనంగా వసూలై తిరిగి చెల్లించాల్సి వస్తే, ఆ భారాన్ని జనాభా ప్రకారం పంచుకోవాలి. ఈ దామాషా ఆంధ్రప్రదేశ్‌కు 58.32, తెలంగాణకు 41.68 శాతం. రాబడి ఒక పద్ధతిలో, చెల్లింపు మరో పద్ధతిలో పంచడం అన్యాయమని ఆంధ్రప్రదేశ్ అభ్యంతరం చెబుతూ వచ్చింది.

9.4 స్కాట్లండ్‌తో పోలిక

బ్రిటన్‌లో స్కాట్లండ్‌కు నిధులు బార్నెట్ సూత్రం ప్రకారం వెళ్తాయి. ఇది 1970ల చివర అమల్లోకి వచ్చింది. ఇంగ్లండ్‌లో ఖర్చు పెరిగినప్పుడు జనాభా నిష్పత్తిలో స్కాట్లండ్ వాటా పెరుగుతుంది. స్కాట్లండ్‌లో తలసరి ప్రభుత్వ వ్యయం ఇంగ్లండ్ కంటే ఎక్కువ. అందుకే స్కాట్లండ్‌కు న్యాయమైన వాటాకు మించి వెళ్తోందని ఇంగ్లండ్‌లో చాలామంది భావిస్తారు. ఉత్తర సముద్రపు చమురు ఆదాయం సంగతేమిటని స్కాట్లండ్ జాతీయవాదులు ఎదురు ప్రశ్నిస్తారు.

2014 సెప్టెంబరు 18న స్కాట్లండ్‌లో జరిగిన రెఫరెండంలో 55.3 శాతం మంది కలిసి ఉండటానికే ఓటు వేశారు. ఇంగ్లండ్ ప్రజలకు అందులో ఓటు లేదు. మన రాజ్యాంగంలో రాష్ట్ర విభజనకు రెఫరెండం లేదు. 3వ అధికరణం ప్రకారం నిర్ణయం పార్లమెంటుది. రాష్ట్ర శాసనసభ అభిప్రాయం మాత్రమే చెప్పగలదు. 2014 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ శాసనసభ బిల్లును తిరస్కరించినా విభజన ఆగలేదు.

అసలు తేడా నగరం ఉన్న చోటులో ఉంది. లండన్ ఇంగ్లండ్‌లోనే ఉంది. స్కాట్లండ్ విడిపోయినా లండన్ ఎటూ పోదు. కాబట్టి "పోతే పోనివ్వండి" అనగలిగినవారు ఇంగ్లండ్‌లో కొందరున్నారు. ఇక్కడ నగరం విడిపోయే ప్రాంతం నడిమధ్యన ఉంది. పిల్లల చదువు, ఉద్యోగం, కూడబెట్టి కొన్న ఫ్లాట్ అక్కడే ఉన్న గుంటూరు, కడప కుటుంబాలకు విభజన అంటే రేపటి భద్రత ప్రశ్న. తెలంగాణ యువతకు అదే నగరం తమ ఇంట్లో తమకు దక్కని ఉద్యోగాల ప్రశ్న. ఈ ఆందోళనలు రెండూ నిజమైనవే.

9.5 విభజన తరవాత

2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడింది. హైదరాబాద్ పదేళ్లు ఉమ్మడి రాజధానిగా ఉండవచ్చని చట్టం చెప్పింది. ఆ గడువు 2024 జూన్ 2న ముగిసింది. వాదన మాత్రం ముగియలేదు, దాని చిరునామా మారింది. కేంద్ర పన్నుల్లో రాష్ట్రాల వాటాలో తెలంగాణ భాగం 14వ ఆర్థిక సంఘం కాలంలో 2.437 శాతం, 15వ ఆర్థిక సంఘం కాలంలో 2.102 శాతం. తలసరి ఆదాయం ఎక్కువున్న రాష్ట్రాలకు తక్కువ ఇవ్వడం ఆ పద్ధతి. మేం ఎక్కువ కడుతున్నాం, తక్కువ పొందుతున్నాం అని ఇప్పుడు తెలంగాణ ఢిల్లీని అడుగుతోంది. అయితే హైదరాబాద్ రాబడితో ఆదిలాబాద్‌లో బడి నడపడం న్యాయమని మనం ఒప్పుకుంటే, అదే న్యాయం దేశమంతటికీ ఎంతవరకు వర్తిస్తుందో ఆలోచించక తప్పదు.

9.6 సారాంశం

ఉమ్మడి ఖజానాపై వచ్చే ఏ వాదన విన్నా మూడు ప్రశ్నలు వేసుకోండి. పన్ను ఎక్కడ వసూలైంది, భారం ఎవరిపై పడింది? పంపకం జనాభాను బట్టా, అవసరాన్ని బట్టా, వసూలైన చోటును బట్టా? ఆ మాట అంటున్నవారికి నగరం దక్కుతుందా, చేజారుతుందా? లెక్క సరిచూసుకున్నాక కూడా ఒకటి మిగులుతుంది. అదే గౌరవం. కలిసి ఉన్నవారు తమను సమానులుగా చూస్తున్నారా అన్న ప్రశ్నకు ఏ కమిటీ అంకెలూ జవాబు చెప్పలేవు.

9.7 మీ ప్రగతిని సరిచూసుకోండి

1. పెద్దమనుషుల ఒప్పందంలో తెలంగాణ మిగులు నిధుల గురించి ఏమి చెప్పారు?
2. హైదరాబాద్‌లో వసూలైన పన్నంతా హైదరాబాద్ ప్రజలదే అనవచ్చా? మీ ఊరి నుంచి ఒక ఉదాహరణతో వివరించండి.
3. స్కాట్లండ్ పట్ల ఇంగ్లండ్ వైఖరికీ, తెలంగాణ పట్ల సీమాంధ్ర వైఖరికీ గల పోలికలను, భేదాలను చర్చించండి.